మూడేళ్ల కోసం కట్టిన ఓడలు యాభై ఏళ్లు ఎలా తిరిగాయి? లైట్ క్యారియర్ల లెక్క

1942లో బ్రిటిష్ నౌకాదళం ఒకే డిజైన్‌తో 16 విమాన వాహక నౌకలకు ఆర్డర్ ఇచ్చింది. యుద్ధం ముగిసేదాకా, మహా అయితే ఓ మూడేళ్లు, పనిచేస్తే చాలనుకుంది. వాటిలో ఒకటి బ్రెజిల్ జెండా కింద 2001 దాకా నడిచింది. ఇంకొకటి మన తొలి ఐఎన్ఎస్ విక్రాంత్.

మనకు మూడో విమాన వాహక నౌక కావాలా, కావాలంటే ఎంత పెద్దది కావాలి అనే చర్చ వచ్చినప్పుడల్లా టీవీల్లో టన్నుల అంకెలు వినిపిస్తాయి. 45 వేలు, 65 వేలు, లక్ష. వాటిని చూస్తే ఏది పెద్దదో తెలుస్తుంది. పెద్దదైతే ఏం కలిసొస్తుంది, చిన్నదైతే ఏం పోతుంది అన్నది మాత్రం తెలియదు. అది అర్థం కావాలంటే ఈ పాత బ్రిటిష్ ఓడల చరిత్ర చూడాలి. చిన్న క్యారియర్ ఏమేం చేయగలదో ఇవి చేసి చూపించాయి. ఎక్కడ ఆగిపోతుందో కూడా ఇవే చూపించాయి.

## అసలు 'లైట్' అంటే ఏమిటి?

రెండో ప్రపంచ యుద్ధంలో విమాన వాహక నౌకలు మూడు రకాలుగా ఉండేవి.

మొదటిది ఫ్లీట్ క్యారియర్. శత్రు నౌకాదళంతో నేరుగా తలపడే ప్రధాన నౌక. బ్రిటన్‌కు చెందిన ఇల్లస్ట్రియస్ తరగతి ఇలాంటిదే: 23,000 టన్నులు, విమానాలు దిగే డెక్‌కే మూడంగుళాల ఉక్కు కవచం, దాదాపు 30 నాట్ల వేగం. (నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.) రెండో రకం ఎస్కార్ట్ క్యారియర్. సరుకుల ఓడలాంటి దాని మీద డెక్ బిగించి, వాణిజ్య నౌకల గుంపులకు కాపలాగా పంపేవారు. చవకే, కానీ 20 నాట్లు కూడా దాటని నెమ్మది ఓడ. ఫ్లీట్‌తో కలిసి వెళ్లలేదు.

ఈ రెండింటి మధ్య ఖాళీలో పుట్టినదే లైట్ క్యారియర్. యుద్ధనౌకలతో కలిసి నడిచేంత వేగం, రెండు మూడు డజన్ల విమానాలు, కానీ కవచం లేదు, పెద్ద ఫిరంగులు లేవు. అమెరికా దీన్ని వేరే దారిలో సాధించింది. కడుతూ ఉన్న తొమ్మిది క్రూయిజర్లను (వేగంగా వెళ్లే మధ్యస్థాయి యుద్ధనౌకలను) మధ్యలోనే మార్చి ఇండిపెండెన్స్ తరగతి చేసింది. క్రూయిజర్ ఒళ్లు కాబట్టి 31 నాట్లు పరిగెత్తేవి. బ్రిటన్ మాత్రం కొత్తగా గీసుకుంది. అదే '1942 డిజైన్'. అందులో మొదటి పది కొలోసస్ తరగతి, కొంచెం మెరుగుపరిచిన తర్వాతి ఆరు మెజెస్టిక్ తరగతి.

కాబట్టి లైట్ అన్నది ఓడ బరువును బట్టి పెట్టిన పేరనుకుంటే పొరపాటు. ఏమేం వదులుకోవడానికి సిద్ధపడ్డారన్న దాన్ని బట్టి వచ్చిన తరగతి అది.

## తొందరలో పుట్టిన డిజైన్

1941 డిసెంబర్ 10న మలయా తీరంలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద బ్రిటిష్ యుద్ధనౌకలను జపాన్ విమానాలు ముంచేశాయి. తలపైన సొంత విమానాలు లేకుండా పెద్ద ఓడ సముద్రంలోకి వెళ్తే ఏమవుతుందో ఆ రోజు తేలిపోయింది. క్యారియర్లు కావాలి, చాలా కావాలి, వెంటనే కావాలి. ఇల్లస్ట్రియస్ లాంటిది కట్టడానికి మూడేళ్లు పట్టింది. పైగా యుద్ధనౌకలు కట్టగల యార్డులన్నీ నిండిపోయి ఉన్నాయి.

వికర్స్ సంస్థ ఇంజినీర్లు దీనికి చూపిన పరిష్కారం సాదాసీదాగా ఉంటుంది. ఓడ కింది భాగాన్ని నౌకాదళ ప్రమాణాలతో కాకుండా వాణిజ్య నౌకల ప్రమాణాలతో కట్టండి. అప్పుడు సరుకుల ఓడలు, ప్రయాణికుల ఓడలు కట్టే యార్డు కూడా ఈ పని అందుకోగలదు. కవచం తీసేయండి. ఆత్మరక్షణకు చిన్న విమాన విధ్వంసక తుపాకులు చాలు. ఇంజిన్ 40,000 హార్స్‌పవర్.

ఇల్లస్ట్రియస్ ఇంజిన్ 1,10,000 హార్స్‌పవర్. దాని వేగం 30 నాట్లు. కొలోసస్ వేగం 25 నాట్లు. అంటే సుమారు మూడో వంతు శక్తితో, వేగంలో ఆరో వంతే పోగొట్టుకున్నారు. ఓడ కూడా తేలికే (13,200 టన్నులు) కాబట్టి ఇది కొంతవరకు సహజం. అసలు సంగతి ఏమిటంటే, ఓడకు చివరి నాలుగైదు నాట్ల వేగమే చాలా ఖరీదు. నీరు అడ్డుకునే బలం వేగంతో పాటు విపరీతంగా పెరుగుతుంది. ఆ ఖరీదైన ఐదు నాట్లను వదిలేయడం తెలివైన పని. దాని బిల్లు నలభై ఏళ్ల తర్వాత వచ్చింది, అది కింద చూద్దాం.

కొలోసస్ పని 1942 జూన్‌లో మొదలైంది. రెండేళ్లలోపే ముగించాలనుకున్నా, 1944 డిసెంబర్‌లో చేతికొచ్చింది. నాలుగు ఓడలు పసిఫిక్ చేరాయి గానీ, పోరులోకి దిగేలోపే యుద్ధం అయిపోయింది. గ్లోరీ అనే ఓడకు దక్కిన పని, 1945 సెప్టెంబర్ 6న పసిఫిక్‌లోని రబౌల్ దగ్గర జపాన్ సైన్యం లొంగుబాటు సంతకాలకు వేదిక కావడం. మెజెస్టిక్ తరగతి ఆరూ సగం కట్టిన స్థితిలో ఆగిపోయాయి.

ఏ యుద్ధం కోసం పుట్టాయో దానికి అందని ఓడలివి. కథ ఇక్కడితో ముగిసి ఉండొచ్చు.

## సెకండ్‌హ్యాండ్ మార్కెట్

యుద్ధం తర్వాత బ్రిటన్ దగ్గర డబ్బు లేదు, ఓడలు ఉన్నాయి. క్యారియర్ కావాలనుకునే మధ్యస్థ దేశాలకు సొంతంగా కట్టుకునే స్థోమత లేదు. కొలోసస్ ఫ్రాన్స్‌కు వెళ్లి ఆరోమాన్ష్ అయింది, ఇండోచైనా యుద్ధంలో పనిచేసింది. వెనరబుల్ నెదర్లాండ్స్‌కు వెళ్లి కారెల్ డోర్మన్ అయింది, తర్వాత అర్జెంటీనా చేతికి వెళ్లింది. వెంజెన్స్‌ను ఆస్ట్రేలియా కొన్నాళ్లు అప్పుగా వాడుకుంది, ఆపై బ్రెజిల్ కొని మినాస్ జెరాయిస్ అని పేరు పెట్టుకుంది. వారియర్ కెనడాకు, తిరిగి బ్రిటన్‌కు, చివరికి అర్జెంటీనాకు. బ్రిటన్‌తో కలిపి ఎనిమిది దేశాలు ఈ 16 ఓడల్లో ఏదో ఒకదాన్ని నడిపాయి.

మన వంతుకు వచ్చింది హెర్క్యులిస్. 1943 అక్టోబర్‌లో పని మొదలై, 1945 సెప్టెంబర్‌లో నీళ్లలోకి దిగి, 1946 నుంచి అలాగే పడి ఉంది. 1957 జనవరిలో భారత్ కొన్నది. బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించాక 1961 మార్చి 4న విక్రాంత్‌గా నౌకాదళంలో చేరింది.

మెజెస్టిక్‌లు ఆలస్యం కావడం ఒక రకంగా అదృష్టమే. ఈలోగా జెట్ విమానాలు వచ్చాయి, వాటిని ఓడ మీద దించడానికి మూడు కొత్త ఏర్పాట్లు వచ్చాయి. ఓడ మధ్యగీత నుంచి కోణంగా పక్కకు తిప్పిన 'వాలు' డెక్, విమానాన్ని ముందుకు విసిరే ఆవిరి కాటపుల్ట్, పైలట్‌కు దిగే కోణం చూపించే అద్దం. విక్రాంత్‌కు మూడూ అమర్చారు. ఈ మార్పుల్లో కొన్నింటికి ప్రయోగశాలలు కూడా ఈ కుటుంబంలోని ఓడలే. 1945 డిసెంబర్ 3న ఎరిక్ బ్రౌన్ అనే పైలట్ వాంపైర్ జెట్‌ను ఓషన్ అనే ఓడ మీద దించాడు. క్యారియర్‌పై జెట్ దిగి, ఎగరడం అదే తొలిసారి. ఆవిరి కాటపుల్ట్‌ను పెర్సియస్ మీద పరీక్షించారు. వాలు డెక్ ఆలోచనను 1952లో ట్రయంఫ్ డెక్ మీద కేవలం గీతలు గీసి పరీక్షించారు. రబ్బరు డెక్ మీద చక్రాలు లేకుండా జెట్లను దించే ప్రయోగం వారియర్ మీద జరిగింది. అది ఎక్కడికీ పోలేదు, పోకపోవడమే మంచిదైంది.

కొరియా యుద్ధంలో బ్రిటన్, ఆస్ట్రేలియా తరఫున వంతులవారీగా పనిచేసినవి ఇవే: ట్రయంఫ్, థీసియస్, ఓషన్, గ్లోరీ, సిడ్నీ. 1956లో సూయెజ్ దగ్గర ఓషన్, థీసియస్ నుంచి హెలికాప్టర్లలో కమాండోలను పోర్ట్ సయీద్‌లో దించారు. ఓడ మీంచి హెలికాప్టర్లతో జరిపిన తొలి దాడి అదే.

## గాలి లెక్క

విమానం లేవాలంటే రెక్కల మీదుగా గాలి తగినంత వేగంగా పారాలి. గాలిపటం పట్టుకున్న పిల్లాడు గాలికి ఎదురు పరిగెత్తేది అందుకే. క్యారియర్ కూడా విమానాలను వదిలే ముందు గాలికి ఎదురు తిరిగి, ఉన్న వేగమంతా అందుకుంటుంది.

అర్థం కావడం కోసం కొన్ని గుండ్రటి అంకెలు తీసుకుందాం. బాంబులు, ఇంధనం నింపిన ఒక విమానం లేవడానికి 120 నాట్లు కావాలనుకోండి. కాటపుల్ట్ దాన్ని 90 నాట్ల దాకా విసరగలదు. మిగతా 30 ఎక్కడి నుంచి రావాలి? ఓడ వేగం, ఎదురుగాలి రెండూ కలిసి ఇవ్వాలి.

30 నాట్ల ఫ్లీట్ క్యారియర్‌కు గాలి స్తంభించినా ఇబ్బంది లేదు. 24 నాట్లు వెళ్లే లైట్ క్యారియర్‌కు 6 నాట్ల గాలి కావాలి, అది సముద్రం మీద చాలా రోజులు దొరుకుతుంది. అదే ఓడ పాతబడి 16 నాట్లే వెళ్లగలిగితే 14 నాట్ల గాలి కావాలి. అంటే గంటకు 26 కిలోమీటర్లు. అది లేని రోజున బాంబులు దించాలి, లేదా ఇంధనం తగ్గించాలి, లేదా ఊరుకోవాలి.

ఊరుకోవాల్సి వచ్చిన రోజు ఒకటుంది. 1982 మే 2. ఫాక్‌లాండ్స్ యుద్ధం. అర్జెంటీనా క్యారియర్ వెయింటిసింకో దె మాయో (పైన చెప్పిన వెనరబుల్) బ్రిటిష్ నౌకల మీదికి తెల్లవారుజామున స్కైహాక్ విమానాలను పంపాలని సిద్ధమైంది. గాలులకు పేరుమోసిన దక్షిణ అట్లాంటిక్‌లో ఆ పూట గాలి పడిపోయింది. బాంబులతో నిండిన స్కైహాక్‌లు లేవలేని పరిస్థితి. దాడి రద్దయింది. అదే రోజు జనరల్ బెల్‌గ్రానో అనే అర్జెంటీనా క్రూయిజర్‌ను బ్రిటిష్ జలాంతర్గామి ముంచింది. ఆ తర్వాత ఆ క్యారియర్ తీరం వదిలి రాలేదు. దాని స్కైహాక్‌లు నేల మీది స్థావరాల నుంచే యుద్ధం చేశాయి. 1942లో మిగుల్చుకున్న ఐదు నాట్ల బిల్లు ఇదే.

ఎదుటి పక్షంలో ప్రధాన నౌక హెర్మెస్ కూడా బ్రిటన్ లైట్ క్యారియర్ల తర్వాతి తరానిదే. దాని మీద ఉన్నవి సీ హారియర్లు. కాటపుల్ట్ అక్కర్లేదు, ముందు భాగం పైకి వంగిన స్కీ జంప్ మీంచి కొద్ది దూరం పరిగెత్తి లేస్తాయి, నిలువుగా దిగుతాయి. గాలి లేదని ఆగిపోయే బాధ వాటికి చాలా తక్కువ. ఈ హెర్మెస్ 1987లో మన దగ్గరికి ఐఎన్ఎస్ విరాట్‌గా వచ్చింది. రిటైరయ్యే సమయంలో దాన్ని విశాఖలో మ్యూజియంగా నిలబెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆసక్తి చూపింది గానీ అది కుదరలేదు.

## బాయిలర్ పగిలిన విక్రాంత్, 1971

ఇదే లెక్క విక్రాంత్‌కు పదకొండేళ్ల ముందే ఎదురైంది. 1970లో దాని బాయిలర్లలో పగుళ్లు కనిపించాయి. విడిభాగాలు ఇక్కడ దొరికేవి కావు. యుద్ధం తప్పదని తేలాక, బాయిలర్‌కు ఉక్కు పట్టీలు బిగించి, ఆవిరి ఒత్తిడి తగ్గించి నడపాలని నిర్ణయించారు. వేగం సుమారు 16 నాట్లకు పడిపోయింది. పైన ఉదాహరణలో ఆ అంకె ఊరికే తీసుకోలేదు.

అలాంటి ఓడను పడమటి తీరంలో, కరాచీ ఎదురుగా పెట్టడం ప్రమాదం. తూర్పుకు పంపారు. దాన్ని వెతుక్కుంటూ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అండమాన్ దీవుల దగ్గర దాగి ఉంటే, పాత డెస్ట్రాయర్ రాజ్‌పుత్ విశాఖ దగ్గర విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపి మభ్యపెట్టింది. డిసెంబర్ 3-4 మధ్య రాత్రి విశాఖ రేవు బయట ఘాజీ మునిగింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీల (నీటి అడుగున పేలే బాంబుల) వల్లేనని భారత నౌకాదళం మాట. సొంత మైన్ల వల్లో, లోపలి పేలుడు వల్లో మునిగిందని పాకిస్తాన్ మాట. ఆ వివాదం తేలలేదు. విక్రాంత్‌కు ముప్పు తప్పిందన్న దాంట్లో మాత్రం వివాదం లేదు.

డిసెంబర్ 4 నుంచి విక్రాంత్ మీది సీ హాక్ ఫైటర్లు, జలాంతర్గాములను వేటాడే అలీజే విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేశాయి. తూర్పు పాకిస్తాన్‌కు సముద్రం నుంచి సాయం రాకుండా, అక్కడి సైన్యం సముద్రం మీదుగా తప్పించుకోకుండా దారి మూసేశాయి. ఈ ఓడ సిబ్బందికి రెండు మహావీర చక్రలు, 12 వీర చక్రలు దక్కాయి.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. పగిలిన బాయిలర్‌తో ఇంత చేసిందంటే చిన్న క్యారియర్ విలువ రుజువైనట్టేనని ఒక వాదన. తూర్పున పాకిస్తాన్‌కు ఉన్నది ఒక్క సేబర్ ఫైటర్ల స్క్వాడ్రన్, దాన్నీ మన వాయుసేన రన్‌వేలు ధ్వంసం చేసి తొలి రోజుల్లోనే నేలకు కట్టేసింది, ఎదురులేని చోట గెలుపును కొలమానంగా తీసుకోకూడదని ఇంకో వాదన. నాకు రెండోది తోసిపుచ్చలేనిదిగా అనిపిస్తుంది. అయితే ఎదురు తక్కువ ఉన్నచోటికి చూసి పంపడం కూడా చిన్న క్యారియర్‌ను వాడటంలో భాగమే.

ఇంకో సంగతి. 1965 యుద్ధమప్పుడు విక్రాంత్ బొంబాయిలో రిపేర్లలో ఉంది. ఒక్కటే క్యారియర్ ఉంటే జరిగేది ఇదే.

## విమానం లావెక్కింది, ఓడ ఎక్కలేదు

వీటిని చివరికి పక్కకు నెట్టింది తుప్పు కన్నా విమానాల బరువే. యుద్ధకాలపు స్వోర్డ్‌ఫిష్ బైప్లేన్ సుమారు మూడున్నర టన్నులు. కొలోసస్ డెక్‌ను 15,000 పౌండ్ల (6.8 టన్నుల) విమానాల దాకా, మెజెస్టిక్‌ను 20,000 పౌండ్ల (సుమారు 9 టన్నుల) దాకా లెక్కవేశారు. అలీజే 8 టన్నుల పైచిలుకు, సరిపోయింది. స్కైహాక్ నిండా నింపితే 11 టన్నులు, గింజుకుంటే సరిపోయింది. ఫాంటమ్ ఫైటర్ జెట్ 25 టన్నులు. ఇక మాటల్లేవు.

తేలిక విమానాలు తయారుకావడం ఆగిపోయేసరికి ఈ ఓడలకు మూడు దారులు మిగిలాయి. కెనడాలా తన మెజెస్టిక్ తరగతి ఓడ బొనావెంచర్‌ను 1970లో వదిలేయడం ఒకటి. బ్రెజిల్‌లా జలాంతర్గాముల వేటకు ఎక్కువగా వాడుకోవడం ఇంకొకటి. భారత్‌లా కాటపుల్ట్ పీకేసి, స్కీ జంప్ పెట్టి, సీ హారియర్లకు మారడం మూడోది. విక్రాంత్ అలా 1997 జనవరి 31 దాకా సర్వీసులో ఉంది. తర్వాత ముంబైలో కొన్నేళ్లు మ్యూజియం, 2014లో తుక్కు. ఆ ఉక్కులో కొంత బజాజ్ వీ మోటార్‌సైకిళ్లలోకి వెళ్లింది. మినాస్ జెరాయిస్, వెయింటిసింకో దె మాయో కూడా మన అలంగ్ తీరంలోనే విడిపోయాయి. ఆస్ట్రేలియా వాడిన మెల్‌బోర్న్‌ను చైనా తుక్కు కింద కొన్నది, విడగొట్టే ముందు అక్కడి నిపుణులు దాన్ని క్షుణ్ణంగా చదువుకున్నారు.

కవచం లేకుండా కట్టడం సరైన నిర్ణయమేనా? 16లో ఒక్కటి కూడా శత్రువు చేతిలో మునగలేదు. కాబట్టి సరైనదేనని కొందరంటారు. కానీ గట్టి దెబ్బ తగిలిన సందర్భమే వీటికి రాలేదు. అమెరికా లైట్ క్యారియర్ ప్రిన్స్‌టన్ 1944 అక్టోబర్‌లో ఒకే బాంబు రేపిన మంటల వల్ల మునిగిపోయింది.

## రెండు చిన్నవా, ఒకటి పెద్దదా?

మళ్లీ ఊహా అంకెలే. ఒకవైపు 20 విమానాల ఓడలు రెండు, ఇంకోవైపు 40 విమానాల ఓడ ఒకటి. ఓడకు కాపలాగా ఎప్పుడూ రెండు ఫైటర్లు గాలిలో ఉండాలంటే, వంతులు, ఇంధనం, మరమ్మతులు కలిపి ఎనిమిదింటిని కేటాయించాలి. జలాంతర్గాముల మీద నిఘాకు ఇంకో నాలుగు. చిన్న ఓడలో దాడికి మిగిలేవి 8, రెండు ఓడలు విడివిడిగా తిరిగితే మొత్తం 16. పెద్ద ఓడలో అవే కోతలు పోను 28. సొంత ఒంటిని కాపాడుకోవడానికే చిన్న క్యారియర్ సగానికి పైగా ఖర్చయిపోతుంది. పెద్దవి కావాలనేవారి ప్రధాన వాదన ఇదే.

చిన్నవి కావాలనేవారి జవాబు 1965 నుంచే మొదలవుతుంది. పెద్దది డాక్‌లో ఉన్న రోజున 28 కాస్తా సున్నా. రెండు చిన్నవుంటే కనీసం 8. పైగా ఒకే చోట అంత డబ్బు, అన్ని ప్రాణాలు పెట్టాక దాన్ని ప్రమాదంలోకి పంపడానికి ఏ ప్రభుత్వమైనా వెనకాడుతుంది. అసలు క్యారియర్లే వద్దు, ఆ డబ్బు జలాంతర్గాములకు, క్షిపణులకు పెట్టండి అనే మూడో పక్షం ఒకటుంది. 1982లో ఒకే ఒక్క జలాంతర్గామి దెబ్బకు అర్జెంటీనా క్యారియర్ తీరానికే పరిమితమైంది కాబట్టి వారి మాటనూ కొట్టిపారేయలేం.

2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్ సుమారు 45,000 టన్నులు, పాతదానికి రెండింతలకు పైనే. దానికి కాటపుల్ట్ లేదు, స్కీ జంప్ ఉంది. అందువల్ల గాలి లెక్క కొత్త రూపంలో కొనసాగుతోంది. నిండా నింపితే 24 టన్నులు దాటే మిగ్-29కె ఎన్ని బాంబులతో, ఎంత ఇంధనంతో లేవగలదన్నది ఓడ వేగం, ఆ రోజు గాలి మీదే ఆధారపడుతుంది. కాటపుల్ట్ ఉన్న 65 వేల టన్నుల ఓడ కావాలని ఇక్కడ అడిగేవారు చూపే కారణం అదే. ఇదే సైజులో ఇంకొకటి చాలు, కట్టడం తెలిసిన యార్డు, శిక్షణ పొందిన సిబ్బంది ఇప్పటికే ఉన్నారు అనేవారు చూపే కారణం 1942లో బ్రిటన్ చూపించినదే: త్వరగా వస్తుంది, చవకలో వస్తుంది.